రెప్పలు నా మాట వినని రెండున్నరేళ్లు

మా అనంతపురంలో కన్ను అదురుతోందని చెబితే ఎవరైనా ముందు అడిగేది ఏ కన్ను అని. ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే శుభమనీ, కుడి కన్ను అదిరితే కీడనీ, మగవాళ్లకు ఇది తారుమారనీ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాళ్లం. 2021 ఏప్రిల్‌లో నా ఎడమ కంటి కింది రెప్ప సన్నగా అదరడం మొదలైనప్పుడు మా అత్త సంతోషించింది. ఇంట్లో పెళ్లీడుకు వచ్చిన కూతురు ఉంది గనుక మంచి సంబంధం వస్తుందని ఆశపడింది. రెండు నెలలు తిరిగేసరికి కుడి కన్ను కూడా దానికి తోడైంది. రెండు కళ్లూ కలిసి అదిరితే ఏమని చెప్పుకోవాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

నేను పట్టణంలోని ఒక సబ్ పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగిని. వయసు యాభై మూడు. పొదుపు ఖాతాల పాసు పుస్తకాలు, ఆర్డీలు, రిజిస్టరు ఉత్తరాలు, పింఛన్లు చూస్తూ పొద్దున నుంచి సాయంత్రం దాకా మనుషుల ముఖాలకు ఎదురుగా కూర్చునే పని అది. అవి కరోనా రోజులు కావడంతో, మాస్కు పైనుంచి ఊపిరి కళ్లలోకి కొడుతున్నందువల్ల కళ్లు మండుతున్నాయని మొదట అనుకున్నాను. కళ్లలో ఇసుక పడినట్టు ఉండేది. మామూలు మనిషి నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు రెప్ప వేస్తాడట. నేను అంతకు రెండింతలు, మూడింతలు వేస్తున్నానని నాకు తెలియకముందే నా పక్క సీటులోని ఆయన గమనించాడు. ఆ సంవత్సరం దసరా నాటికి రెప్ప వేయడం కాస్తా రెప్ప మూతపడటంగా మారింది. మూతపడిన రెప్పలు రెండు మూడు క్షణాల దాకా తెరుచుకునేవి కావు. కనుబొమలు పైకి లాగి, నుదురంతా ముడిచి, నోరు తెరిచి, ఎంత ప్రయత్నించినా ఎవరో లోపలి నుంచి గట్టిగా పట్టి ఉంచినట్టే ఉండేది.

ఒకరోజు పింఛను తీసుకోవడానికి వచ్చిన పెద్దాయన కౌంటరు ముందు నిలబడి, "ఏమ్మా, రాత్రంతా నిద్ర లేదా? యాల కండ్లు మూసుకుంటాండావు?" అని జాలిగా అడిగాడు. ఆయన మంచి మనసుతోనే అడిగినా, వెనక వరుసలో నిలబడినవాళ్లు నవ్విన నవ్వు నాకు వారం రోజులు చెవుల్లో వినిపించింది. మరోరోజు నోట్లు లెక్కపెడుతుండగా మధ్యలో రెండుసార్లు కళ్లు మూసుకుపోయి, సాయంత్రం నగదు సరిచూసుకునేసరికి ఐదు వందలు తక్కువ వచ్చింది. నా చేతి డబ్బు వేసి సరిచేశాను. ఆ డబ్బు నాకు పెద్ద బాధ కాదు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నా లెక్క తప్పడం అదే మొదటిసారి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అన్నిటికన్నా భయపెట్టింది సప్తగిరి సర్కిల్ దగ్గర జరిగినది. మార్చి నెల, మధ్యాహ్నం ఎండ, గాలికి దుమ్ము లేస్తోంది. రోడ్డు దాటుతూ సగం దూరం పోయాక రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయాయి. రెండు వైపుల నుంచీ ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి గానీ ఏది ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. కాలు కదపకుండా నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయాను. పూలమ్మే ఆమె ఒకామె వచ్చి చేయి పట్టుకుని అవతలికి తీసుకెళ్లింది. "చూపు లేదా అక్కా?" అని ఆమె అడిగితే, ఉంది అని చెప్పాలో లేదని చెప్పాలో నాకు తోచలేదు. ఎందుకంటే నా చూపుకు ఏ లోపమూ లేదు. అక్షరాల పట్టికలో చివరి వరుస దాకా చదవగలను. ఆ రోజు నుంచి స్కూటీ తాళం చెవి మా అమ్మాయికి ఇచ్చేశాను.

ఆ రెండున్నరేళ్లలో నేను తిరిగిన ఆసుపత్రుల పేర్లు ఇక్కడ రాయను. ఎవరి మీదా నింద వేయడం నా ఉద్దేశం కాదు, ఎవరూ నన్ను కావాలని తప్పుదారి పట్టించలేదు. మొదటి డాక్టరు కంటి కింద సన్నని కాగితపు ముక్క పెట్టి తడి కొలిచి, కన్నీరు తక్కువగా ఉందని చుక్కల మందు రాశారు. అది నిజమే, ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి కళ్లు పొడిబారడం కూడా ఉంటుందని తరువాత తెలిసింది. చుక్కలు వేసుకున్నప్పుడు మంట తగ్గేది, మూతపడటం తగ్గేది కాదు. తరువాత మూడుసార్లు కళ్లద్దాలు మారాయి. అలర్జీ అన్నారు, రెప్పల అంచుల్లో వాపు అన్నారు. చివరికి ఒకచోట, కంటిలో ఏ లోపమూ కనబడకపోవడంతో, "మీరు ఏదో విషయం మనసులో పెట్టుకుని బాధపడుతున్నారమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రమాత్రలు రాసి ఇచ్చారు. ఆ మాట ఇంట్లో వేరే రకంగా పనిచేసింది. అప్పటిదాకా నా చేయి పట్టుకుని నడిపించిన మా ఆయన కూడా, "నీవు గట్టిగా అనుకుంటే తెరవలేవా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన నన్ను నమ్మక అన్న మాట కాదని, దారి తెలియక అన్న మాటేనని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం ఆ ఒక్క ప్రశ్న జబ్బుకన్నా ఎక్కువగా బాధించింది.

ఇంకొక విచిత్రమేమంటే, డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే నా కళ్లు చక్కగా తెరుచుకునేవి. బయట వరుసలో కూర్చున్నంతసేపూ మూసుకుపోయే రెప్పలు, ఆయన టార్చి వేసి చూసే పది నిమిషాలూ బుద్ధిగా నిలబడేవి. నేను చెప్పేది అబద్ధమని ఆయన అనుకుంటారేమోనని నాకే సిగ్గు వేసేది. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. మనసు ఒకచోట బిగబట్టి నిలిపినప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, కొత్త మనిషి ఎదుట కూర్చున్నప్పుడు కొద్దిసేపు ఈ బిగింపు సడలడం ఈ జబ్బు లక్షణాలలోనే ఒకటి. ఆ సంగతి తెలియనివాళ్లకు అది నటనలా కనిపిస్తుంది, రోగికి కూడా తన మీద తనకే అనుమానం పుడుతుంది.

మా అత్త దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, ఒక శనివారం కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి దగ్గరికి తీసుకెళ్లింది. ఆ రోజు జరిగినదాన్ని నేను మరిచిపోలేను. గుడి లోపలి మసక వెలుతురులో పైకి నామం చెప్పుకుంటూ ప్రదక్షిణలు చేస్తున్నంతసేపూ నా కళ్లు ఒక్కసారి కూడా మూసుకుపోలేదు. అత్త కళ్ల నిండా నీళ్లు పెట్టుకుని స్వామికి మొక్కింది. బయటికి వచ్చి గుంతకల్లు ఎండలో నాలుగడుగులు వేయగానే మళ్లీ మూసుకుపోయాయి. దేవుడు ఇచ్చినట్టే ఇచ్చి తీసుకున్నాడని ఆమె ఏడ్చింది. వెలుతురు తగ్గితే బిగింపు తగ్గుతుందనీ, మాట్లాడటం, పాడటం, కూనిరాగం తీయడం, ఏదైనా నమలడం వంటి పనులు కొందరిలో రెప్పలను తాత్కాలికంగా సడలిస్తాయనీ ఏడాది తరువాత న్యూరాలజిస్టు, అంటే మెదడు, నరాల డాక్టరు, చెప్పినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ ప్రదక్షిణలే. మా అత్తకు ఆ మాట చెబితే, "అయితే స్వామి ముందే చెప్పినాడు కదమ్మా, మనకు తెలీలే" అంది. ఆమె మాటను నేను కాదనలేదు.

దారి దొరికింది మా అమ్మాయి ఫోను వల్ల. 2023 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున నేను వాకిట్లో ఎండకు ఎదురుగా కూర్చుని చింతకాయలు కొడుతుండగా, నాకు తెలియకుండా మూడు నిమిషాల వీడియో తీసింది. దాన్ని చూసినప్పుడు నా ముఖాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. రెండు కళ్లూ ఒకేసారి, ఒకే బలంతో, సబ్బు నురుగు కళ్లలో పడిన పసిపిల్లలా బిగుసుకుంటున్నాయి. కనుబొమలు కిందికి దిగుతున్నాయి. మరుసటి వారం పట్టణంలోనే కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక కంటి డాక్టరమ్మకు ఆ వీడియో చూపించాం. ఆమె పరీక్ష మొదలుపెట్టకముందే వీడియో రెండుసార్లు చూసి, నాలుగు ప్రశ్నలు అడిగింది. రెండు కళ్లా, ఒక కన్నేనా? బుగ్గ గానీ నోటి మూల గానీ దానితోపాటు లాగుతుందా? నిద్రలో ఉంటుందా? రెప్ప బిగుసుకుంటుందా, వాలిపోతుందా? రెండున్నరేళ్లలో ఈ నాలుగు ప్రశ్నలు నన్ను ఎవరూ అడగలేదు. చీటీ మీద 'బ్లెఫరోస్పాజం' అని రాసి, ఇది కంటి జబ్బు కాదనీ, కంటిని మూసే కండరానికి మెదడు నుంచి వచ్చే ఆజ్ఞ అదుపు తప్పడమనీ, న్యూరాలజిస్టుకు చూపించాలనీ చెప్పింది. ఆ చీటీ చేతిలో పట్టుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. జబ్బు ఉందని తేలినందుకు కాదు, దానికి ఒక పేరు ఉన్నందుకు.

ఆ నాలుగు ప్రశ్నల వెనుక ఏముందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కన్ను అదిరే ప్రతివారికీ నా జబ్బే ఉందనుకోవడం తప్పు. ఒక కంటి కింది రెప్ప మాత్రం సన్నగా అదరడం దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. నిద్ర చాలకపోయినా, అలసట ఎక్కువైనా, కాఫీ, టీలు ఎక్కువ తాగినా వచ్చి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. ముఖంలో ఒకవైపే కన్నూ, బుగ్గా, నోటి మూలా కలిసి లాగుతుంటే అది హెమిఫేషియల్ స్పాజం అనే వేరే సమస్య. చాలామందిలో మెదడు మూలం దగ్గర ముఖ నరాన్ని ఒక రక్తనాళం ఒత్తడం వల్ల అది వస్తుంది, నిద్రలో కూడా ఆగకపోవచ్చు, దానికి ఎంఆర్ఐ తీసి చూస్తారు. రెప్ప బిగుసుకోకుండా సాయంత్రమయ్యేకొద్దీ వాలిపోతూ, ఒకటి రెండుగా కనిపిస్తుంటే నరాల ఆజ్ఞ కండరాలకు సరిగా అందక అవి త్వరగా అలసిపోయే మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు ఉందేమో పరీక్షించాలి. నాది వీటిలో ఏదీ కాదు. రెండు కళ్లూ కలిసి మూసుకుపోవడం, వెలుతురుకూ గాలికీ ఎక్కువ కావడం, నిద్రలో పూర్తిగా లేకపోవడం, పొద్దున లేచిన గంటా రెండు గంటలు హాయిగా ఉండటం బ్లెఫరోస్పాజం గుర్తులు. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష లేదు. స్కానింగులో సాధారణంగా ఏమీ కనబడదు. చూసి, విని, గుర్తుపట్టవలసిన జబ్బు ఇది. అందుకే వీడియో అంత ముఖ్యమైంది.

న్యూరాలజిస్టుకు చూపించాలని అనుకున్నాక కూడా ఒక నెల ఆలస్యం చేశాను. ఆ తప్పు నాదే. మాకు దగ్గరి పెద్ద ఊరు బెంగళూరు, సుమారు రెండు వందల కిలోమీటర్లు. అందరూ చెప్పింది నిమ్హాన్స్ పేరు. మా వైపు ఆ పేరు చెబితే పిచ్చాసుపత్రి అనే అర్థం చేసుకుంటారు. కూతురికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో తల్లిని అక్కడికి తీసుకెళ్లారని నలుగురికీ తెలిస్తే ఏమవుతుందోనని భయపడ్డాను. పాత మానసిక వైద్యశాలా, ఒక జాతీయ శిక్షణ సంస్థా కలిసి 1974లో ఏర్పడిన ఆ సంస్థలో మనసుకు సంబంధించిన వైద్యంతోపాటు మెదడు, నరాల వైద్యం, శస్త్రచికిత్స కూడా జరుగుతాయని, మూర్ఛ, పక్షవాతం, వణుకుడు జబ్బు ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారని మా అమ్మాయి నాకు ఓపికగా చెప్పింది. అయినా, మనసుకు జబ్బు చేసి వెళ్లినవాళ్లను తక్కువ చేసి చూసే చూపు నాలోనే ఉందని ఆ నెల రోజుల్లో తెలుసుకున్నాను. అక్టోబరులో తెల్లవారుజామున బస్సెక్కి పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా వెళ్లాం. పెనుకొండ దాటేవరకూ చీకటే కాబట్టి కళ్లు తెరిచే ఉన్నాను. ఎండ వచ్చాక పైట కొంగు ముఖం మీద వేసుకున్నాను.

అక్కడ నన్ను పరీక్షించిన డాక్టరు నడిపించారు, రాయించారు, చేతులు చాచి చూపించమన్నారు, గట్టిగా కళ్లు మూసి తెరవమన్నారు. ఏయే మందులు వాడుతున్నారో ఒక్కటీ వదలకుండా చెప్పమన్నారు. గ్యాసుకు వేసుకునే మాత్ర పేరు కూడా అడిగితే, అది ఎందుకా అని ఆశ్చర్యపోయాను. కడుపు ఉబ్బరానికీ, వాంతులకూ వాడే లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ వంటి మందులు, మానసిక వైద్యంలో వాడే కొన్ని మందులు, ఎక్కువకాలం వాడితే కొందరిలో ఇటువంటి అసంకల్పిత కదలికలను తెచ్చిపెడతాయట. మన దగ్గర గ్యాసు మాత్రలలో లెవోసల్పిరైడ్ కలిసినవి ఎన్నో ఉన్నాయి. మందుల షాపులో అడిగి కొనుక్కుని నెలల తరబడి మింగేవాళ్లను నేను ఎరుగుదును. నేను వాడిన మాత్రలో అది లేదు. కానీ ఇది చదివేవారిలో ఎవరికైనా రెప్పలో, దవడలో, నాలుకలో తమ ప్రమేయం లేకుండా కదలికలు మొదలైతే, గ్యాసు మాత్రల అట్టలతో సహా డాక్టరు ముందు పెట్టాలని కోరుతున్నాను. మందు మానడం కూడా ఆయన చెప్పిన పద్ధతిలోనే జరగాలి.

డాక్టరు చెప్పినదాన్ని నా మాటల్లో రాస్తే ఇలా ఉంటుంది. కంటి చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంటుంది, దాని పని కన్ను మూయడం. పై రెప్పను ఎత్తే కండరం వేరు. మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అనే భాగాలు, వాటితో ముడిపడిన ఇతర భాగాలు కదలికల హెచ్చుతగ్గులను అదుపు చేస్తుంటాయి. ఆ అదుపు చెడి, ఒక కండరానికి అవసరం లేని ఆజ్ఞలు పోతూ ఉంటే దాన్ని డిస్టోనియా అంటారు. మెడకు వస్తే మెడ తిరిగిపోతుంది, రాసే చేతికి వస్తే కలం పట్టగానే వేళ్లు బిగుసుకుంటాయి, రెప్పలకు వస్తే కళ్లు మూసుకుపోతాయి. రెప్పలతోపాటు దవడ, నోరు కూడా లాగుతుంటే, 1910లో ఆ స్థితిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు హెన్రీ మేజ్ పేరుతో మేజ్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా నలభై, యాభై దాటినవాళ్లకు, మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ప్రాణానికి ముప్పు లేదు గనుక 'బినైన్' అనీ, కారణం ఇదమిత్థంగా తెలియదు గనుక 'ఎసెన్షియల్' అనీ ముందు చేరుస్తారు. ప్రాణాపాయం లేదన్న మాట ధైర్యం ఇచ్చింది. కానీ కళ్లుండీ చూడలేని మనిషికి ఆ 'బినైన్' అనే మాట పూర్తిగా న్యాయం చేయదని నా అభిప్రాయం.

ఇది మనసు పుట్టించిన జబ్బు కాదన్న సంగతి కూడా వైద్యలోకంలో చాలాకాలం నలిగిన తరువాతే నిలిచింది. లండన్ న్యూరాలజిస్టు డేవిడ్ మార్స్‌డెన్ 1976లో రెప్పలు, దవడ బిగుసుకునే రోగులను వర్ణిస్తూ రాసిన వ్యాసం అందులో ముఖ్యమైనది. అంతకు ముందు ఎందరినో మానసిక రోగులుగానే లెక్కవేశారు. ఆందోళన వల్ల బిగింపు పెరగడం నిజమే, ఈ జబ్బుతో బతికేవాళ్లకు దిగులు పట్టుకోవడమూ నిజమే. దిగులుకు వైద్యం అవసరమైతే చేయించుకోవలసిందే. అయితే దిగులు జబ్బుకు కారణమని చెప్పడం వేరు.

వైద్యం అనగానే మా ఆయన ఆపరేషనా అని అడిగారు. కాదు, ఇంజెక్షన్లు అన్నారు. మందు పేరు బొటులినమ్ టాక్సిన్, జనం బొటాక్స్ అని పిలిచేది. క్లోస్ట్రీడియం బొటులినమ్ అనే బాక్టీరియా తయారుచేసే విషం అది. అతి తక్కువ మోతాదులో కండరంలోకి ఎక్కిస్తే, నరం కొన నుంచి కండరానికి ఆజ్ఞ మోసుకుపోయే అసిటైల్‌కోలిన్ అనే పదార్థం విడుదల కాకుండా ఆపుతుంది. ఆజ్ఞ అందక కండరం బలహీనపడుతుంది, బిగింపు సడలుతుంది. ఆఫీసులో ఈ మాట చెబితే, సినిమావాళ్లు ముడతలకు వేయించుకునేది కదా అన్నారు. నిజానికి దీని చరిత్ర కంటి వైద్యంతోనే మొదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు మెల్లకన్నుకు ఆపరేషన్ లేకుండా చికిత్స చేయాలని దీన్ని పరిశోధించారు. 1989 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం దీన్ని మొదట అనుమతించింది మెల్లకన్నుకూ, బ్లెఫరోస్పాజానికే. ముడతలకు అనుమతి వచ్చింది 2002లో.

ఇంజెక్షన్ గురించి నేను పడిన భయం ఎక్కువ, నొప్పి తక్కువ. వెంట్రుకంత సన్నని సూదితో ఒక్కొక్క కంటి చుట్టూ కొన్నిచోట్ల చర్మం కిందికి కొద్దికొద్దిగా వేశారు. చీమ కుట్టినట్టు ఉంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తరువాత కొన్ని గంటలు పడుకోవద్దని, ఒక రోజు కళ్లు రుద్దవద్దని చెప్పారు. మూడు రోజులు ఏమీ తేడా కనబడలేదు, డబ్బు వృథా అయిందని దిగులుపడ్డాను. నాలుగో రోజు పొద్దున ఎనిమిది గంటలకు టవర్ క్లాక్ దగ్గర బస్సు దిగి, ఎదురుగా ఎండ కొడుతుండగా, ఎవరి చేయీ పట్టుకోకుండా ఆఫీసు దాకా నడిచాను. గేటు దగ్గరికి వచ్చాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు. రెండు వారాలకు పూర్తి ఫలితం వచ్చింది.

ఇది నయం చేసే మందు కాదు. సుమారు మూడు నెలలకు నరాల కొనలు మళ్లీ ఆజ్ఞలు పంపడం మొదలుపెడతాయి, మళ్లీ వేయించుకోవాలి. నాకు పదో వారం దాటితే బిగింపు నెమ్మదిగా తిరిగివస్తుంది. అయినా మూడు నెలలకన్నా ముందుగా వేయవద్దని డాక్టరు అంటారు, తరచుగా వేస్తే శరీరం మందుకు ఎదురు తిరిగి అది పనిచేయకుండా పోయే అవకాశం ఉందట. రెండోసారి వేసినప్పుడు నా ఎడమ పై రెప్ప మూడు వారాలు వాలిపోయింది. భయపడి ఫోను చేస్తే, మందు రెప్పను ఎత్తే కండరం దాకా పాకితే అలా జరుగుతుందని, దానంతట అదే సర్దుకుంటుందని చెప్పారు, అలాగే సర్దుకుంది. మూడోసారి వేసే చోట్లు కొద్దిగా మార్చారు. కన్ను పూర్తిగా మూతపడకపోతే నల్లగుడ్డు ఎండిపోకుండా పగలు చుక్కలు, రాత్రి జెల్ వాడుతున్నాను. కొందరిలో ఒకటి రెండుగా కనిపించడం, సూది గుచ్చినచోట కమిలిపోవడం కూడా ఉండవచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లూ, మయస్తీనియా ఉన్నవాళ్లూ ముందే చెప్పాలి. మాత్రలతో నాకు పెద్ద ఫలితం కనిపించలేదు. క్లోనజెపామ్ అనే మాత్ర బిగింపును కొంత తగ్గించినా కౌంటరులో కూర్చుంటే మత్తుగా ఉండేది. ఇంజెక్షన్లు ఏమాత్రం పనిచేయనివాళ్లకు ఆ కండరంలో కొంత భాగాన్ని తీసివేసే ఆపరేషన్ ఉంది. నాకు ఆ అవసరం ఇప్పటివరకూ రాలేదు.

మందుతో సగం దారి నడిచాను, మిగతా సగం మనుషులు నడిపించారు. మా ఆయన డాక్టరు ఎదుట కూర్చుని అంతా విన్నారు. తిరుగు ప్రయాణంలో హిందూపురం మలుపు దాటేదాకా మాట్లాడలేదు. ఆ తరువాత, "గట్టిగా అనుకుంటే తెరవలేవా అన్నాను, ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నారు. అంతకన్నా నేను కోరుకున్నది ఏమీ లేదు. ఈ జబ్బు ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, దయచేసి డాక్టరు దగ్గరికి తోడుగా వెళ్లి స్వయంగా వినండి. రోగి చెబితే సాకులాగా వినిపించేది డాక్టరు చెబితే జబ్బుగా వినిపిస్తుంది.

ఆఫీసులో డాక్టరు రాసిన ఉత్తరం ఇచ్చి, కిటికీ నా వీపు వెనక్కి వచ్చేలా సీటు మార్చమని అడిగాను. తల మీది ట్యూబులైటు ఒకటి తీయించారు. ఇంజెక్షన్ ప్రభావం తగ్గే చివరి రెండు వారాలు నగదు కౌంటరు బదులు లోపలి పని ఇస్తున్నారు. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, అడగడానికి నాకు పట్టిన ధైర్యమే ఎక్కువ. ధ్రువపత్రం విషయంలో మాత్రం నాకు నిరాశే మిగిలింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీర్ఘకాలిక నాడీ వ్యాధుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లు ఉన్నాయి, డిస్టోనియా పేరు విడిగా లేదు. చూపు లోపాన్ని అక్షరాల పట్టికతో, చూపు విస్తీర్ణంతో కొలుస్తారు. రెప్ప తెరిచి ఉన్నప్పుడు నా చూపు నిండుగా ఉంటుంది, రెప్ప మూసుకున్నప్పుడు ఏమీ ఉండదు. ఆ రెండో స్థితిని కొలిచే గడి ఆ ఫారంలో లేదు. ఈ చట్టంలో మా వంటివాళ్లకు చోటు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

చిన్న ఉపాయాలు కొన్ని పట్టుబడ్డాయి. కణత మీద వేలితో మెత్తగా నొక్కితే నాకు రెప్ప సడలుతుంది. కౌంటరు సొరుగులో వేయించిన శెనక్కాయలు పెట్టుకుంటాను, రెండు గింజలు నములుతూ ఉంటే వరుస కదిలేదాకా కళ్లు నిలుస్తాయి. మా జిల్లాలో శెనక్కాయలకు కొదవ లేదు గనుక ఎవరూ వింతగా చూడరు. ఎండలో అంచున్న టోపీ, పక్కలు కూడా మూసే నల్లద్దాలు వాడతాను. ఇంట్లో మాత్రం నల్లద్దాలు పెట్టుకోవద్దని చెప్పారు, కళ్లు చీకటికి అలవాటుపడి వెలుతురు మరింత గుచ్చుకుంటుందట. లోపల వాడటానికి ఎఫ్ఎల్-41 అనే గులాబి రంగు పూత ఉన్న అద్దాలు కొందరికి మేలు చేస్తాయి, నాకు ట్యూబులైట్ల కింద చేశాయి.

మరొక విషయం నాకు ఊహించనంత బలం ఇచ్చింది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఇదే జబ్బు ఉన్న మ్యాటీ లూ కోస్టర్ అనే మహిళ 1981లో ఈ రోగుల కోసం ఒక పరిశోధన సంస్థను మొదలుపెట్టారు. వాళ్లు ప్రచురించిన ఇంగ్లిషు సమాచారాన్ని మా అమ్మాయి సాయంత్రాలు నాకు చదివి తెలుగులో చెప్పేది. ఎక్కడో ఉన్న ఒక తెల్ల ఆమె, రోడ్డు మధ్యలో కళ్లు మూసుకుపోయి నిలబడిపోయానని చెప్పిందని విన్నప్పుడు, సప్తగిరి సర్కిల్‌లో నేను ఒంటరిగా లేననిపించింది. తెలుగులో అటువంటి సమాచారం నాకు దొరకలేదు. ఇంత పొడుగున రాయడానికి కారణం అదే.

పోయిన నెలలో కౌంటరు దగ్గరికి ఒక కూరగాయలమ్మే ఆమె ఆర్డీ డబ్బు కట్టడానికి వచ్చింది. కుడి కన్ను మూసుకున్నప్పుడల్లా బుగ్గా, నోటి మూలా పైకి లాగుతున్నాయి. వెనక ఎవరూ లేరని చూసుకుని, ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. రెండేండ్లయిందని, కుడి కన్ను గనుక కీడని అందరూ అంటే శాంతి చేయించానని, తగ్గలేదని చెప్పింది. ఒకవైపే ఉంది గనుక ఇది నా జబ్బు కాదని నాకు తెలిసింది. విత్‌డ్రాయల్ ఫారం వెనుక 'న్యూరాలజీ' అని పెద్ద అక్షరాలతో రాసి, ఆసుపత్రిలో ఆ విభాగానికే పోవాలని, దానికి ముందు కొడుకుతో వీడియో తీయించమని, రాత్రి నిద్రపోయాక కూడా ఒకటి తీయించమని చెప్పాను. "నిద్రలో ఎవురు చూస్తారు మేడమ్?" అంది గానీ, ఫారం మడిచి చీర కొంగున ముడి వేసుకుంది.

సోమవారం కొడుకును వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. ఆ అబ్బాయి ఫోను అద్దం మీదుగా నా వైపు తిప్పి చూపించాడు. వీడియోలో ఆమె చాప మీద ఒత్తిగిలి గాఢంగా నిద్రపోతోంది, కుడి బుగ్గ మాత్రం అదురుతూనే ఉంది. దాన్ని చెరిపేయకుండా ఉంచి, డాక్టరుకు ముందు అదే చూపించమన్నాను.